పెద్ద సిలిండర్ పెట్టాక గ్యాస్ బ్రూడర్ రాత్రి రెండింటికే ఎందుకు ఆరిపోయింది?

పోయిన చలికాలం మా షెడ్డులో రెండు రాత్రుల్లో 18 పిల్లలు చచ్చిపోయాయి. రోగం కాదు, దాణా లోపం కాదు. గ్యాస్ బ్రూడర్ నడిరాత్రి ఆరిపోయింది, అంతే. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. మీకు అంత టైం పట్టకూడదని వీడియో చేశాను. అందులో చెప్పడం కుదరని లెక్కలు ఇక్కడ రాస్తున్నాను.

మాది దంతాలపల్లి. వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డు మీద, తొర్రూరుకూ మరిపెడకూ మధ్య ఉంటుంది. అగ్రికల్చర్ డిప్లొమా చేశాక ఉద్యోగం వెతుక్కోకుండా మూడెకరాల మామిడి తోటలో ప్రకృతి సేద్యం మొదలుపెట్టాను. చెట్ల కింద గ్రామప్రియ, వనరాజా కోళ్లు తిరుగుతాయి. ఈ రెండు రకాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం తయారుచేసినవే. పెరటి పెంపకానికి బాగా ఆగుతాయి. కానీ మొదటి మూడు నాలుగు వారాలు పిల్లలకు వెచ్చదనం మనమే ఇవ్వాలి. మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 సెల్సియస్. తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ చొప్పున తగ్గించుకుంటూ పోవాలి.

ఇంతకుముందు బల్బులు పెట్టేవాళ్లం. కరెంటు పోతే పిల్లలు గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి, అడుగువి నలిగి చచ్చేవి. అందుకే 3 కిలోవాట్ల చిన్న గ్యాస్ బ్రూడర్ కొన్నాను. మొదట 5 కిలోల సిలిండర్ మీద నడిపాను. ఒక్కరోజు కూడా ఆరలేదు. 300 పిల్లల కొత్త బ్యాచ్ దించినప్పుడు 19 కిలోల నీలం సిలిండర్‌కు మార్చాను. మొదటి రాత్రే రెండింటికి ఆరిపోయింది. తెల్లారేసరికి మూలకు 11 పిల్లలు. రెండో రాత్రి కూడా అదే టైంకు ఆరింది. ఇంకో 7 పోయాయి.

మొదట అనుమానించినవి

సిలిండర్ నుంచి మంట దాకా వరసగా చూసుకుంటూ పోవాలి. నేను ఆ వరస తప్పి ఒకేసారి అన్నీ మార్చేశాను. మీరు అట్ల చేయొద్దు.

*గ్యాస్ ఉందా?* ఊపి చూస్తే తెలియదు, తూకం వేయాలి. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది, అది తీసేస్తే మిగిలింది గ్యాస్. నా దాంట్లో 17 కిలోల పైనే ఉంది. అంటే గ్యాస్ అయిపోయి ఆరలేదు.

*రెగ్యులేటర్ సరైనదేనా?* ఇక్కడ నేను పెద్ద తప్పు చేయబోయాను. "పెద్ద సిలిండర్ కదా" అని దుకాణంలో హోటల్ పొయ్యికి పెట్టే హై ప్రెషర్ రెగ్యులేటర్ ఇచ్చారు. తగిలించగానే మంట పసుపు రంగులో బుస్సుమని లేచింది. వెంటనే కట్టేశాను. సిలిండర్ ఎంత పెద్దదైనా బ్రూడర్‌కు కావలసిన ప్రెషర్ మారదు. లో ప్రెషర్ బ్రూడర్లకు మన ఇంటి పొయ్యి లాగే దాదాపు 30 మిల్లీబార్ చాలు. మీ బ్రూడర్ మీద అతికించిన పట్టీలో ఎంత రాసి ఉందో చూసి, ఆ రెగ్యులేటరే అడగండి. పెద్ద సిలిండర్ ఎక్కువ రోజులు వస్తుంది, ఎక్కువ వేడి ఇవ్వదు.

*సిలిండర్ చల్లబడిందా?* లోపల ద్రవంగా ఉన్న గ్యాస్ ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని సిలిండర్ ఇనుము నుంచి, బయటి గాలి నుంచి లాక్కుంటుంది. మన గ్యాస్‌లో ప్రొపేన్, బ్యూటేన్ రెండూ ఉంటాయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరుగుతుంది, బ్యూటేన్ దాదాపు సున్నా దగ్గర. ముందు ప్రొపేన్ ఎక్కువగా పోయి, చివరికి బ్యూటేన్ మిగులుతుంది. అందుకే అడుగంటిన సిలిండర్ తెల్లవారుజామున మంట సన్నగా ఇస్తుంది. ఒకే సిలిండర్ మీద మూడు నాలుగు బ్రూడర్లు పెట్టేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. అట్లని వేడినీళ్లు పోయడం, పక్కన మంట పెట్టడం చేయొద్దు. అడుగంటిన సిలిండర్‌ను పగటికి వాడుకుని, రాత్రికి నిండుది పెట్టుకోండి. నాది నిండుగానే ఉంది, బ్రూడర్ ఒక్కటే. కాబట్టి ఇదీ కాదు.

*ట్యూబ్ ఎట్లుంది?* పెద్ద సిలిండర్ బయట పెడతాం కాబట్టి ట్యూబ్ పొడుగవుతుంది. మామూలు రబ్బరు ట్యూబ్ లోపల కొన్నాళ్లకు నూనె లాంటి జిగట చేరి నాజిల్‌కు పోతుంది. అమెరికాలో చిన్న హీటర్లను పెద్ద ట్యాంకుకు కలిపేవాళ్లకూ ఇదే బాధ, అందుకే వాళ్లు మధ్యలో ఫిల్టర్ పెడతారు. ఇంటి పొయ్యి సురక్ష ట్యూబే ఒకటిన్నర మీటర్ దాటొద్దంటారు. దూరం ఎక్కువైతే గోడ వెంబడి ఇనుప పైపు గానీ రాగి పైపు గానీ వేయించి, చివర మాత్రమే ట్యూబ్ పెట్టండి. నేను అట్లనే చేయించాను. సబ్బు నురుగు పూసి ప్రతి జాయింటూ చూశాను, బుడగ రాలేదు. ఎప్పుడూ అగ్గిపుల్లతో చూడొద్దు.

ఇన్ని చేశాక కూడా మూడో రాత్రి రెండింటికి మళ్లీ ఆరింది. ఆ రాత్రి నేను షెడ్డులోనే ఉన్నాను కాబట్టి వెంటనే బల్బులు వేసి పిల్లలను కాపాడుకున్నాను.

"సేఫ్టీ తీసేస్తే అయిపాయె"

పొద్దున్నే ఒక మెకానిక్‌ను పిలిచాను. బ్రూడర్ విప్పి చూసి, "అన్నా, ఈ సేఫ్టీ తోటే లొల్లి. దీన్ని తీసేస్త, మళ్ల ఆరదు" అన్నాడు. మంట వేడి తగిలినంతసేపే గ్యాస్ వదిలే థర్మోకపుల్ ఉంటుంది కదా, దాన్ని తప్పించి గ్యాస్ నేరుగా ఇస్తానన్నాడు. నిజం చెప్తున్నా, 18 పిల్లలు పోయిన కోపంలో సరే అనేవాణ్నే.

ఇంతలో నాయిన వచ్చి షెడ్డు పరదా ఎత్తాడు. "ఏందిరా, లోపల ఊపిరాడ్తలేదు. రాత్రంతా ఇండ్లనే పన్నవా?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున లేచినప్పటి నుంచి నాకు తల దిమ్ముగా ఉంది. చలికి అనుకున్నాను.

పగలు పరదాలు ఎత్తి ఉన్నప్పుడు బ్రూడర్ ఒక్కసారి కూడా ఆరలేదు. చిన్న సిలిండర్ ఉన్నప్పుడు ఎప్పుడు అయిపోతుందోనని రాత్రి రెండు మూడుసార్లు లేచి పరదా తీసి లోపలికి పోయేవాణ్ని. పెద్ద సిలిండర్ వచ్చాక ఆ భయం లేదు. పైగా చలి పెరిగిందని చుట్టూ తార్పాలిన్ కట్టి, సందుల్లో గోనెసంచులు కుక్కి, హాయిగా ఇంటికి పోయి పడుకున్నాను. నేను మార్చింది సిలిండర్ ఒక్కటే అనుకున్నాను. దాంతో పాటు గాలి దారి కూడా మూసేశాను.

లెక్క వేసి చూద్దాం

3 కిలోవాట్ల బ్రూడర్ గంటకు సుమారు 230 గ్రాముల గ్యాస్ కాలుస్తుంది. కిలో గ్యాస్ కాలడానికి దాదాపు 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. అంటే గంటకు 3 ఘనపు మీటర్లు. నేను కట్టిన గది 20 అడుగుల పొడవు, 15 వెడల్పు, 8 ఎత్తు. అందులో గాలి 68 ఘనపు మీటర్లు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం ఉంటుంది. పూర్తిగా మూసిన గదిలో అది 18 శాతానికి పడిపోవడానికి మూడు గంటల పైచిలుకు చాలు. ఇక 300 పిల్లలు పీల్చేది ఉండనే ఉంది. నేను పరదాలు బిగించేది పదింటికి. ఏదో కొంత గాలి దూరుతుంది కాబట్టి రెండింటి దాకా ఆగింది.

మా బ్రూడర్‌లో ఆక్సిజన్ 18 శాతం దగ్గరికి పడితే పైలట్ మంట థర్మోకపుల్‌కు తగలకుండా ఎగిరి, గ్యాస్ ఆగిపోయే ఏర్పాటు ఉంది. అన్ని బ్రూడర్లలో ఇది ఉండదు, కొనేటప్పుడు అడగండి. అంటే మూడు రాత్రులూ అది చెడిపోయి ఆరలేదు. చేయాల్సిన పని చేసి ఆరింది. దాన్ని తీసేసి ఉంటే మంట ఆరకుండా అరకొర గాలిలో కాలేది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. మూడో రాత్రి లోపల పడుకున్నది నేనే. కుంపటి పెట్టుకుని తలుపులు బిగించి పడుకోవద్దని మా నానమ్మ చెప్పేది. డిప్లొమా చదివిన నాకు ఆ మాట గుర్తు రాలేదు.

ఇంకో సంగతి. కిలో గ్యాస్ కాలితే లీటరున్నర పైగా నీటి ఆవిరి వస్తుంది. పది గంటల రాత్రికి మూడున్నర లీటర్ల దాకా. గాలి ఆడకపోతే అదంతా ఊక పట్టుకుని తడుస్తుంది, అమ్మోనియా ఘాటు లేస్తుంది. ఆ లిట్టర్‌నే రేపు మనం తోటకు ఎరువుగా వాడుకునేది.

ఇప్పుడు ఎట్ల చేస్తున్నా

- ఎదురెదురు గోడలకు రెండు వైపులా పరదా పైన అడుగు సందు వదిలాను. చలిగాలి పిల్లల ఎత్తులో తగలకుండా కింద గోనెసంచులు రెండు వరసలు, చుట్టూ చిక్ గార్డ్.
- సిలిండర్ షెడ్డు బయటే, నిలబెట్టి, నీడలో. ఈ గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే నేల మీదే, అంటే పిల్లల మధ్యే చేరుతుంది.
- బ్రూడర్ గొలుసుకు వేలాడాలి, ట్యూబ్‌కు కాదు. ఊకకు ఎంత ఎత్తులో ఉండాలో కంపెనీ చెప్పింది పాటించాలి.
- రోజూ సాయంత్రం సైకిల్ పంపుతో పైలట్ దగ్గర దుమ్ము ఊదాలి, బ్రూడర్ చల్లగా ఉన్నప్పుడు. తొమ్మిదో రాత్రి మళ్లీ ఆరితే విప్పి చూశాను. ఈసారి పైలట్ గాలి రంధ్రంలో ఊక దుమ్ము.
- థర్మామీటర్ కంటే ముందు పిల్లలను చూడండి. బ్రూడర్ కింద గుంపు కడితే చలి, గోడలకు పోయి ముక్కు తెరిస్తే వేడి, ఒకే పక్కకు జరిగితే ఈదురు. అంతటా పరుచుకుని పడుకుంటే సరిపోయినట్టు.
- గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, తీయొద్దు. సిలిండర్ కట్టేసి, పరదాలన్నీ ఎత్తి, 1906కు ఫోన్ చేయండి.

సందులు వదిలాక గ్యాస్ కొంచెం ఎక్కువ కాలుతోంది. 19 కిలోలు ఎనిమిది రాత్రులు రావాల్సింది, ఏడు వస్తోంది. ఆ ఒక్క రాత్రి గ్యాస్ ఖర్చు గురించి నేనైతే బాధపడట్లేదు. మిగిలిన 282 పిల్లల్లో చలికి ఒక్కటీ పోలేదు. ఇప్పుడు మామిడి చెట్ల కింద గెలుకుతున్నాయి, వీడియో చివర్లో చూడండి.

మీ బ్రూడర్ రోజూ ఒకే టైంకు ఆరుతుంటే స్పానర్ పట్టుకునే ముందు ఒక్క రాత్రి పరదా అడుగు ఎత్తి చూడండి. సేఫ్టీ తీసేస్తామని ఎవరన్నా అంటే, వద్దని చెప్పండి.