పెరట్లో నెమలి: పెంచాలనుకునే సభ్యులకు

కృష్ణాష్టమి, సుబ్రహ్మణ్య షష్ఠి దగ్గర పడినప్పుడల్లా మన సభ్యుల్లో ఎవరో ఒకరు మమ్మల్ని అడుగుతుంటారు: "విల్లాకు పెరడు ఉంది కదా, ఒక నెమళ్ల జంటను తెచ్చుకోవచ్చా?" బాతినా తీరంలో తోటలున్న ఒమానీ కుటుంబాలు మేకలు, పావురాలతో పాటు అక్కడక్కడా నెమళ్లనూ పెంచడం చూసినవారికి ఈ ఆశ కలగడం సహజమే. తగిన స్థలం, ఓపిక ఉంటే పెంచుకోవచ్చు. అయితే మనలాంటి ఉద్యోగస్తుల విషయంలో అసలు చిక్కు పక్షిని తెచ్చుకోవడంలో లేదు. మనం ఈ దేశం విడిచి వెళ్లే రోజున ఉంది.

బాగా చూసుకుంటే నెమలి 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. మన వీసా అంత కాలం ఉంటుందో లేదో ఎవరం చెప్పలేం. ఉద్యోగం ముగిసి ఊరికి వెళ్లేటప్పుడు దాన్ని వెంట తీసుకెళ్లే దారి లేదు. నెమలి 1963 నుంచి భారత జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూల్‌లో, అంటే పులితో సమానంగా, ఉంచింది. పట్టుకున్నా చంపినా మూడేళ్లకు తగ్గని జైలు. మన ఊళ్లో చేను గట్టు మీద తిరిగే పక్షే అయినా, దాన్ని ఇంట్లో పెంచుకునే హక్కు అక్కడ మనకు లేదు.

నెమలికి రక్షణ కల్పించడం మనకు కొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి రాళ్ల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో మొదటిది రాజుగారి వంటశాల గురించి చెబుతుంది. ఒకప్పుడు అక్కడ లెక్కలేనన్ని ప్రాణులను చంపేవారట. తర్వాత అది రోజుకు రెండు నెమళ్లకూ ఒక జింకకూ తగ్గిందని, ఇకపై అవీ ఉండవని దాని సారాంశం. ఇక పడమటి దిక్కుకు నెమలి ఎలా వచ్చిందన్నదానికి బావేరు జాతక కథ ఉంది. మన వర్తకులు ఓడ మీద మొదట కాకిని తీసుకెళితే అక్కడివారు దానికే అబ్బురపడి నెత్తిన పెట్టుకున్నారు. మరోసారి నెమలిని తెచ్చేసరికి కాకి మొహం చూసేవారు లేకపోయారు. బావేరు అంటే బాబిలోను అని పండితుల అభిప్రాయం. అదే నిజమైతే ఆ ఓడలు మన ఒమాన్ సముద్రం మీదుగానే వెళ్లి ఉండాలి.

ఇక్కడ నెమలి స్థానిక అడవి పక్షి కాదు. అరబ్బీలో తావూస్ అంటారు. దొరికేవి తరతరాలుగా మనుషుల మధ్య పుట్టి పెరిగినవి. కొనేటప్పుడు స్థానికంగా పెంచినవాటినే కొనండి. విదేశం నుంచి బతికున్న పక్షిని తేవాలంటే వ్యవసాయ మంత్రిత్వ శాఖ అనుమతి, పశువైద్య ధ్రువపత్రాలు ఉండాలి. బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడల్లా నిషేధాలు కూడా వస్తుంటాయి. అద్దె విల్లా అయితే యజమానిని, మీ ప్రాంతపు మున్సిపాలిటీని ముందే అడగండి. ఇరుగుపొరుగును ఇంకా ముందు అడగండి. గుడ్లు పెట్టే కాలంలో మగ నెమలి తెల్లవారుజామున, సందె వేళ, ఒక్కోసారి నడిరాత్రి కూడా కేక వేస్తుంది. కావ్యాల్లో క్రేంకారం అని చదివితే బాగానే ఉంటుంది. ప్రహరీ గోడ పంచుకున్న పక్కింటివారికి మాత్రం అది నిద్ర పాడుచేసే అరుపే. ఇంకో సంగతి: మెరిసే కారు తలుపులో తన నీడ చూసి, మరో మగ నెమలి అనుకుని ముక్కుతో పొడుస్తుంది. వదిలి పెంచేవారి వీధిలో కార్ల మీద గీతలు పడటం ఇలాగే.

అందుకే వదిలి పెంచవద్దని మా సలహా. గోడ దూకి వెళ్లిన నెమలి మళ్లీ వస్తుందన్న హామీ లేదు. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఆర్కేడియాలో ఒక భూస్వామి 19వ శతాబ్దంలో తెచ్చిన నెమళ్ల సంతతి ఇప్పుడు వీధుల నిండా ఉంది. వాటికి మేత వేయకూడదని లాస్ ఏంజిలిస్ కౌంటీ 2021లో నిబంధన తేవలసి వచ్చింది. మన దేశం నుంచి వచ్చి ఇక్కడ పెరిగిపోయిన కాకులను, గోరింకలను తగ్గించడానికి ఒమాన్ పర్యావరణ శాఖ ఇప్పటికే తంటాలు పడుతోంది. ఆ జాబితాలో మన చేతులతో మరో పేరు చేర్చకూడదు.

కాబట్టి ఇనుప జాలీ గది కట్టాలి. మగదాని పింఛమే అయిదడుగులుంటుంది. అది పురి విప్పి చుట్టూ తిరగాలంటే వెడల్పు పదడుగులకు తగ్గకూడదు, ఎత్తు ఏడెనిమిది అడుగులుండాలి. ఒక మగదానికి రెండు మూడు ఆడవి సరిపోతాయి. ఒకే గదిలో రెండు మగవాటిని ఉంచితే పోట్లాడుకుంటాయి. నెమలి రాత్రి చెట్టెక్కి పడుకునే పక్షి. అందువల్ల నాలుగైదు అడుగుల ఎత్తున వెడల్పాటి దండెం కట్టాలి. నక్కలు, పిల్లులు కింద తవ్వి దూరకుండా జాలీని అడుగు లోతు నేలలో పాతండి.

ఎండ సంగతి వేరే చెప్పాలి. నెమలి మన మెట్ట ప్రాంతాల పక్షే, వేడికి తట్టుకుంటుంది. కానీ మే, జూన్ నెలల్లో మస్కట్‌లో 45 డిగ్రీలు దాటినప్పుడు నోరు తెరిచి రొప్పుతుంది. గదిలో సగానికి పైగా గట్టి నీడ ఉండాలి. నీళ్ల తొట్టి ఆ నీడలోనే పెట్టి రెండు మూడు సార్లు మార్చాలి. మధ్యాహ్నం కుళాయి తిప్పితే మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఎలా కాలుతాయో మనకు తెలిసిందే. వాటిని నేరుగా తొట్టిలో పట్టవద్దు.

సజ్జలు, గోధుమలు, మొక్కజొన్న నూక, ఆకుకూరలు, కోళ్ల దాణా అన్నీ తింటాయి. పిల్లలకు మాత్రం మాంసకృత్తులు ఎక్కువగా ఉండే టర్కీ పిల్లల దాణా మంచిది. అన్నిటికన్నా ముఖ్యం: కోళ్లున్న చోట నెమళ్లను పెట్టకండి. బ్లాక్‌హెడ్ అనే జబ్బు క్రిమి కోళ్ల పేగుల్లోని నట్టల గుడ్లలో దాగి ఉంటుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు, నెమలి చనిపోతుంది. రెట్ట పసుపు పచ్చగా పడి, పక్షి రెక్కలు వేలాడేసుకుని కూర్చుంటే ఆ రోజే పశువైద్యుడికి చూపించాలి. పాత కోళ్ల గూటిని సున్నం కొట్టి నెమళ్లకు ఇవ్వడం కూడా పనికిరాదు. ఆ గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి.

ఆడ నెమలి నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు పెట్టి, సుమారు 28 రోజులు పొదుగుతుంది. మగ పిల్లకు పూర్తి పింఛం రావడానికి మూడేళ్లు పడుతుంది. ఈలోగా "మాకు ఆడదాన్ని అంటగట్టారు" అని అమ్మినవారితో గొడవ పెట్టుకోకండి. నెమలి కన్నీటి బొట్టుతో ఆడది గర్భం దాలుస్తుందన్న మాట ప్రవచనాల్లో వింటుంటాం. ఊహగా అందంగానే ఉంది కానీ, నెమళ్లు మిగతా పక్షుల్లాగే జతకడతాయి. పిల్లలు అడిగితే నిజమే చెప్పండి.

మనం కుటుంబంతో ఊరికి వెళ్లేది జూన్ నుంచి ఆగస్టు దాకా. పక్షికి నీళ్లు, నీడ రోజూ చూడాల్సింది సరిగ్గా అప్పుడే. డ్రైవరుకో కాపలాదారుకో రెండు నెలలు అప్పగించి వెళితే చాలదు. పక్షుల గురించి తెలిసినవారు ఒకరు కావాలి. మీరు పూర్తిగా వెళ్లిపోతే వాటిని తీసుకునేవారెవరో కొనకముందే మాట్లాడుకోండి. అమ్మినవారే తిరిగి తీసుకుంటామంటే కాగితం మీద రాయించుకోండి. చాలాచోట్ల గుడికి ఇచ్చేద్దాం అనుకుంటారు. ఆలయ ప్రాంగణం నెమళ్లకు తగినది కాదు. రద్దీ, మైకులు, ప్రసాదం మెతుకులు వాటికి మంచివి కావు. చూసుకునే మనిషి కూడా మనకు లేడు. ఎవరూ దొరకకపోతే నెమళ్లను కొనకపోవడమే మేలు.

పింఛం కోసమే అయితే అసలు పక్షిని పెంచనక్కర్లేదు. మగ నెమలి ఏటా వర్షాకాలం ముగిసే వేళకు, ఇంచుమించు కృష్ణాష్టమి రోజుల్లోనే, పింఛాన్ని తనంతట తానే రాల్చుకుంటుంది. నెమళ్లున్న తోటవారిని అడిగితే రాలిన ఈకలు ఇస్తారు. పీకిన ఈక మొదట్లో రక్తపు మరక ఉంటుంది, రాలినదాని మొదలు శుభ్రంగా ఉంటుంది. ఊరి నుంచి మాత్రం సూట్‌కేసులో తేవద్దు, ఈకల ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. దొరికిన ఈకలను దులిపి, ప్లాస్టిక్ సంచిలో మూసి, నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగులు చస్తాయి. ఆ తర్వాత పొడిగా, ఎండ తగలని చోట నిలబెట్టండి. ఆ నీలం రంగు పూసినది కాదు, ఈకలోని సన్నని అమరిక వల్ల వెలుతురు విరిగి కనిపించేది. అందువల్ల ఈక నలగకుండా ఉన్నంత కాలం ఆ రంగు ఏళ్ల తరబడి నిలుస్తుంది.