గుట్టను కంకర జేసేముందు అది చెప్పే సముద్రం కత వినుండ్రి

ఊరి పక్కన గుట్ట ఉంటే దాని ఇలువ మనకు రెండు తీర్ల తెలుస్తది. ఒకటి మీదున్న గుడి, రెండోది కింద నడిచే క్వారీ. కరీంనగర్ దిక్కు టాన్ బ్రౌన్ రాయి ఓడలెక్కి వేరే దేశాలకు పోతది. హైదరాబాద్ చుట్టున్న బండలు కంకరై అపార్ట్‌మెంట్లల్ల కలిసిపోతున్నయి. మూడో ఇలువ గురించి మనం మాట్లాడుకునుడే తక్వ. గ్రానైటు బండ ఒక దస్తావేజు. ఎన్నడో మాయమైన సముద్రం ఎప్పుడు పోయింది, ఎటు దిక్కు పోయింది అనే లెక్క దాంట్ల దొరుకుతది. అదెట్లనో చూద్దాం.

సముద్రానికీ గుట్టకూ ఏం సంబంధం?

సముద్రం అడుగున ఉండేది నల్లటి బసాల్ట్ రాయి. అది పెద్ద పెద్ద పలకల లెక్క ఉండి, ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటది. పాతబడి చల్లారిన పలక బరువెక్కి, పక్క పలక కిందికి దూరుతది. దీన్నే సబ్డక్షన్ అంటరు. ఇది పాత ముచ్చటే కాదు, ఇయ్యాల గూడ నడుస్తున్నది. అండమాన్ కాడ భారత పలక కిందికి పోతనే ఉన్నది. అక్కడి బ్యారన్ ఐలాండ్ అగ్నిపర్వతం దాని పొగగొట్టమే.

కిందికి పోయే పలక తనతోని నీళ్లను గూడ తీస్కపోతది. ఇవి చెంబుల నీళ్ల లెక్క ఉండయి, ఖనిజాల లోపల ఇరికి ఉంటయి. దాదాపు 100 కిలోమీటర్ల లోతుల ఒత్తిడికి, వేడికి అవి బయటికొచ్చి, మీదున్న మాంటిల్ రాయిల కలుస్తయి. నీళ్లు తగిలిన రాయి తక్వ వేడికే కరుగుతది. ఒట్టి గిన్నెల బెల్లం మాడుతది, ఇన్ని నీళ్లు పోస్తే జెల్ది పాకమైతది గదా, జెర అసుంటిదే అనుకోండ్రి.

కరిగిన ముద్ద పైకి వస్తది. దారిల ఉన్న రాళ్లను గూడ కరగబెడ్తది. కొంత అగ్నిపర్వతాల నుంచి బయటవడ్తది. మిగిలింది కొన్ని కిలోమీటర్ల లోతుల ఆగి, మెల్లగ చల్లారి గ్రానైటు అయితది. మెల్లగ చల్లారింది కాబట్టే పలుగు, ఫెల్డ్‌స్పార్, అభ్రకం గింజలు ఉత్త కంటికే కనవడేటంత పెరుగుతయి. మీదున్నదంతా కోట్ల ఏండ్లల్ల కొట్టుకపోతే గుట్ట బయటికొస్తది.

రాయి చెప్పే మూడు సాక్ష్యాలు

మొదటిది వయసు. గ్రానైటుల జిర్కాన్ అనే చిన్న చిన్న గింజలుంటయి. అవి పుట్టేటప్పుడు యురేనియంను లోపలికి రానిస్తయి, సీసాన్ని దాదాపు రానియ్యయి. ఆ యురేనియం మెల్లమెల్లగ సీసంగ మారుతది. యురేనియం-238ల సగం మారనీకి 447 కోట్ల ఏండ్లు పడ్తది. సీసమెంత, యురేనియమెంత అని కొలిస్తే వయసు తెలుస్తది.

రెండోది రసాయనం. పలక నుంచి వచ్చే నీళ్లు రుబీడియం, బేరియం అసుంటివాటిని మోసుకొస్తయి. నియోబియం మాత్రం ఆ నీళ్లల్ల సరిగ కరగదు, కిందనే ఉండిపోతది. చాయ్ వడబోస్తే రంగు కిందికి దిగుతది, పత్తి జాలిల మిగుల్తది, గట్లనే. అందుకే సబ్డక్షన్ గ్రానైట్లల్ల నియోబియం తక్వ. 1984ల పియర్స్, హారిస్, టిండిల్ అనే ముగ్గురు ఇసుంటి మూలకాల లెక్క తోని గ్రానైట్లను జాతుల వారీగ విడదీసే పటాలు గీసిండ్రు.

మూడోది జాగ. దూరే పలక మీద కాదు, మీదున్న పలకల గ్రానైటు పుడ్తది. అంటే గ్రానైటు పట్టీ ఏ దిక్కున్నదో సముద్రం ఆ దిక్కుకే దూరింది.

లడఖ్ల ఏం తేలింది?

ఈ మూడూ చక్కగ కలిసిన జాగ లడఖ్. సింధు నది వెంబడి, టెథిస్ సముద్రం మూసుకపోయిన అతుకు ఉన్నది. దానికి ఉత్తరాన, లేహ్ పట్నం ఎనుక, దాదాపు 600 కిలోమీటర్ల పొడుగున గ్రానైటు పట్టీ. దాంట్ల ఎక్కువ భాగం వయసు 7 కోట్ల నుంచి 5 కోట్ల ఏండ్లు. రసాయనం సబ్డక్షన్‌ది. అంటే టెథిస్ ఉత్తరానికి, ఆసియా దిక్కు దూరింది. సుమారు 5 కోట్ల ఏండ్ల కింద ఆ ఊట ఆగిపాయె. ఎందుకంటే దూరనీకి సముద్రం మిగల్లే, భారత భూభాగమే పోయి గుద్దుకున్నది.

అతుకుకు దక్షిణాన హిమాలయాలల్ల వేరే గ్రానైటు ఉన్నది. గంగోత్రి కాడి శివలింగ్ శిఖరం దాంతోనే అయింది. అది తెల్లగుంటది, వయసు సుమారు 2 కోట్ల ఏండ్లే. సముద్రం పోయినంక, గుద్దుడుకు మందమెక్కిన భూమిల పాత మట్టిరాళ్లే కరిగి పుట్టింది. ఒక గ్రానైటు సముద్రం కత చెప్తే, ఇంకోటి ఢీకొట్టిన కత చెప్తది.

మన గుట్టల సంగతేంది?

మనయి చాన పాతయి. తెలంగాణ, రాయలసీమ గ్రానైట్లు ఎక్కువ శాతం 250 కోట్ల ఏండ్ల దగ్గర్లయి. ఇక్కడ లడఖ్ లెక్క తీర్పు తేలలే. సబ్డక్షన్ తోనే పుట్టినయని ఒక వర్గం అంటది. భూమి లోపలికెల్లి లేచిన వేడి ముద్ద తోని పుట్టినయని ఇంకో వర్గం. అప్పటి భూమి ఇప్పటికన్న వేడి, సముద్రం దూరకున్నా గ్రానైటు పుట్టొచ్చు అని వాళ్ల మాట. ఇంకో చిక్కు గూడ ఉన్నది. పాత సబ్డక్షన్ రాయి మళ్ల కరిగితే, కొత్త గ్రానైటుకు గూడ అవ్వ పోలిక లెక్క పాత రసాయనమే వస్తది.

గద్వాల దిక్కు బోనినైట్ అనే లావా రాళ్లు దొరికినయని 2005ల హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు రాసిండ్రు. ఇప్పటి కాలంల అసుంటి లావా ఎక్కువగ సబ్డక్షన్ మొదలయ్యే కాడనే వస్తది. అందుకే మొదటి వర్గానికి అది బలం. అయినా ఒక్క రాయి తోని కేసు గెలువరు. ఏ గ్రానైటు దేన్ని కోసుకుంట పోయింది, దాంట్ల ఇరికిన నల్ల ముద్దలేంది, పక్క రాయి ఏంది అనేది గుట్ట మీద నిలవడి చూడాలె.

నా బాధ ఇక్కడనే. ఇంట్ల పరిచిన గ్రానైటు బండ అడ్రస్ పోయిన ఉత్తరం. రసాయనం చెప్తది గని, జాగ చెప్పదు. క్వారీ అంటేనే పాపమని నేను అంటలేను. లోపలి తాజా రాయి బయటవడేది అక్కడనే, శాస్త్రవేత్తలు గూడ అక్కడ్నే ముక్కలు తెచ్చుకుంటరు. కూలి చేసి బతికే కుటుంబాలు గూడ ఉన్నయి. గని పర్మిషన్ ఇచ్చేముందు ఆ గుట్ట ఫొటోలు, నమూనాలు, సరిగ్గ ఏ జాగనో లెక్క ఎవరన్న రాసి పెట్టాలె. వేరే తీరు రాళ్లు కలిసే గుట్టలను కొన్నైనా ముట్టకుండ ఇడువాలె.

మీ చేతుల ఫోన్ ఉన్నది. ఈ సారి గుట్టెక్కినప్పుడు గ్రానైటుల నల్ల ముద్దలు, రంగు మారే గీతలు కనవడ్తే, లొకేషన్ తోని ఫొటో తీసి పెట్టుండ్రి. దగ్గర్ల కాలేజీల జియాలజీ సారు ఉంటే చూపియ్యుండ్రి. 250 కోట్ల ఏండ్ల సాక్షి అది. సాక్ష్యం రాసుకోకముందే పేల్చేస్తే, మళ్ల అడుగుదామంటే మనిషి ఉండడు, గుట్టా ఉండదు.