మాటకారి కాని నేతవానికి స్నేహములు

నేతపని ఒంటరిపని అని పైవారు అనుకొందురు. గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషి ప్రొద్దు వాలువరకు పడుగు వంకనే చూచుచుండును. ఎవరితోను మాటాడవలసిన అగత్యము లేదు. స్వభావముచేత బిడియస్తుడైన వానికి ఇది చక్కని చాటు. కాని ఆ చాటువలన కలుగు నష్టము సంఘపు లెక్కలు చూచు నాబోటివారికి బాగుగా కనబడును. జ్వరముతో మూడు వారములు పడుకొన్నవాని మగ్గముమీద గంజి పెట్టిన పడుగు అట్లే యుండిపోవును. వానకాలమైనచో తేమకు బూజుపట్టి పోగులు చివికిపోవును. ప్రక్కయింటివారు నాలుగు గజములు నేసిపెట్టగలవారే. కాని ఆయనకు వారితో పలకరింపు లేదు.

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు ఈ చిక్కు మరికొంత ఎక్కువ. షోలాపూరులో మన పేటలనిండ తెలుగే వినబడును. అక్కడి బిడియస్తుడు మనవారిమధ్యనే బిడియపడును. ఒకటి రెండు తెలుగిండ్లు మాత్రమే యున్న ఊరికి పనికై పోయినవానికి, కోడలుగా వెళ్లిన పిల్లకు భాష కూడ తోడుండదు.

ఇట్టివారితో పెద్దలు “నలుగురిలో కలిసిమెలిసి ఉండరా” అందురు. ఈత రానివానిని ఏటిలో దిగుమన్నట్లే ఇది. మాటకు ఒక విషయము కావలెను. అది పనిలో దొరకును.

అతుకు పనినే చూడుడు. అంగుళమునకు 60 పోగులు, పన్నా 48 అంగుళములు అనుకొన్నచో మొత్తము 2,880 పోగులు. పాత పడుగు కొసకు కొత్త పడుగును ఒక్కొక్క పోగుగా వ్రేళ్లతో మెలిపెట్టి అతుకవలెను. ఒక్కనికి నడుము విరుగు పని. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చున్నచో చూపంతయు పోగులమీదనే యుండును. ఒకరి మొగము ఒకరు చూడనక్కరలేదు. బిడియస్తునికి ఇంతకంటె అనుకూలమైన చోటు నే నెరుగను. గంటసేపు మాట లేకపోయినను ఎవరికిని తప్పుగా తోచదు. పోగు తెగినప్పుడు ఒక మాట, నూలు నాసిగా నున్నదని ఒక మాట. మూడవ పడుగునాటికి పిల్లల చదువుల సంగతి దానంతట అదే వచ్చును. పొరుగువాని పడుగు ముగియవచ్చినదని తెలిసినప్పుడు “రేపు అతుకు పనికి నేను రానా, అన్నా?” అని అడుగుడు. అంతకుమించి సిద్ధము చేసికొనవలసిన మాట లేదు.

వీధిలో పడుగు చాచి గంజి పెట్టు పని ఇంకను సులువు. కుంచె లాగుటకు, తెగిన పోగులు ముడివేయుటకు పలువురి చేతులు కావలెను. గంజి ఆరులోగా ముగియవలసిన పని కనుక ఎవరును ఎవరి పుట్టుపూర్వోత్తరములు అడుగరు. గంజి పెట్టిన పడుగులు కొనితెచ్చుకొను ఊళ్లలో ఈ శ్రమ తగ్గినది, మంచిదే. దానితోపాటు మనుష్యులు కలిసికొను ఉదయము కూడ పోయినది. అట్టిచోట్ల సంఘమునకు నూలుకై వచ్చు దినమొక్కటే మిగిలినది. పావుగంట ముందుగా వచ్చి చిలపలు తూచుటకు ఒక చేయి వేయుడు. వరుసలో నిలిచి గోడ చూచువానికంటె చేతిలో పని యున్నవానికి మాట తేలికగా వచ్చును. ఫోనులలోని వాట్సాపు గుంపులు ధరవరలు తెలిసికొనుటకు పనికివచ్చును గాని, అక్కడ కూడ వాగుడుకాయలదే రాజ్యము.

సాయము చేయుటకంటె చిన్న సాయము అడుగుటవలననే స్నేహము త్వరగా కుదురునని నా తలంపు. “మీ నాడె సాయంత్రందాకా ఇస్తారా?” అని అడిగి తెచ్చుకొన్నచో తిరిగి ఇచ్చుటకు మరల వెళ్లవలెను గదా. (శుభ్రముగా తుడిచి ఇండు.) భాష రానిచోట పనిముట్ల పేర్లే అడుగుడు. మన మగ్గము కన్నడిగునకు మగ్గ, మరాఠీవానికి మాగ్, తమిళునకు తఱి. మన పడుగుపేకలను కన్నడిగులు హాసు హొక్కు అందురు. తమిళులు పావు, ఊడై అందురు. తన పనిముట్టు పేరు చెప్పుటకు ఏ నేతవాడును విసుగుకొనడు.

కొత్త కోడండ్ర సంగతి వేరుగా చెప్పవలెను. 2019-20 నాటి నాల్గవ చేనేత గణన ప్రకారము చేనేత కార్మికులలో నూటికి 72 మంది స్త్రీలు. అయినను వారిలో చాలమంది పని నాలుగు గోడల మధ్యనే సాగును. అత్తగార్లకు ఒక మనవి: కండెలు చుట్టు రాట్నమును ప్రక్కయింటి అరుగుమీదికి తీసికొనిపోనిండు. కండెల లెక్క తగ్గదు.

ఒక హెచ్చరిక కూడ అవసరము. కాదనుట చేతగానివానినే జామీను సంతకమునకు మొదట అడుగుదురు. కొత్త స్నేహము పోవునను భయముతో సంతకము చేయవద్దు. “కార్యదర్శిగారిని అడిగి చెబుతాను” అని తప్పుకొనుడు. ఆ నిష్ఠూరము మేము మోయుదుము.

అతుకు పనికి తోడు కావలసినవారు, తోడు పోదలచినవారు తమ తమ సంఘ కార్యాలయములలో పేర్లు వ్రాయించుకొనునట్లు ఒక పలక పెట్టించవలసినదిగా తోటి కార్యదర్శులను కోరుచున్నాను. నోటితో చెప్పుటకు బిడియమైనవారు పాసుపుస్తకములో చీటి పెట్టి పంపినను చాలును.