దిగుమతి ఫైళ్ల పొరలు విప్పు యంత్రవిధి

నేలపట్టు చేరువనున్న దొరవారిసత్రమునఁ గూర్చుండి పరిశోధకుఁ డొకఁడు దూరపు గ్రంథాలయమునుండి యొక శతకపుఁ బ్రతిని కంప్యూటరులోనికి దింపుకొనె ననుకొందము. ఆతని కందినది శతకము గాదు, పొరలతోఁ జుట్టిన మూట. వానిని విప్పుపనిని యంత్రమున కప్పగింపవచ్చును. ఏ పొర విషయమున యంత్రమును నమ్మవచ్చునో, ఏ పొరకు మన చదువే ప్రమాణమో తెలిసికొనుట యావశ్యకము.

వెలుపలిది ఉత్తరముతోఁ బంపుటకై చుట్టిన బేస్64 తొడుగు. యూనికోడున ‘దొరవారిసత్రం’ అను పేరునకు 12 సంకేతములు. యూటీయెఫ్-8 విధానమున నొక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 36 బైట్లు. బేస్64 ప్రతి 3 బైట్లను 4 గుర్తులుగాఁ జేయును గాన నవి 48 గుర్తు లగును.

రెండవది సంక్షేపము. లెంపెల్, జివ్ అను పండితులు 1977లోఁ బ్రకటించిన మార్గ మిందులకు మూలము. ముందు వచ్చిన మాట మరల వచ్చినప్పుడు దానిని వ్రాయక, ఇంత వెనుకకుఁ బోయి యిన్ని బైట్లు గైకొనుమని మాత్రము గుర్తింతురు. మకుటము గల శతకమున కిది మిక్కిలి యనుకూలము. జిప్ ఫైలునందు 32 బిట్ల సరిచూపు సంఖ్య యుండును. విప్పిన పిదప యంత్రము దానిని మరల గణించును. సరిపోలనిచోఁ దప్పు బయటపడును. కావున మొదటి బైట్లనుబట్టి ఫైలు జాతిని గుర్తించి, యీ రెండు పొరలను వెలుపలినుండి లోపలికి యంత్రము తానే విప్పవచ్చును.

మూఁడవది లిపిసంకేతము. చిక్కంతయు నిచ్చటనే. తెలుఁగు 1991లోనే యూనికోడునఁ జేరినను, తరువాతఁ జాలకాలము పత్రికలును అచ్చుకూటములును తమతమ ఫాంట్ల సంకేతములనే వాడినవి. ఒకదానిలోఁ దలకట్టైన సంఖ్య మఱొకదానిలో వత్తు కావచ్చును. వీనిని యూనికోడునకు మార్చుటకు ఫైర్‌ఫాక్సున ‘పద్మ’ యను చేర్పు ఉండెడిది. 2017లో నా బ్రౌజరు పాతరీతి చేర్పులను విడిచెను. సాధనము లిట్లు మూలఁబడును గాన, సంకేతపట్టికను గూడ భద్రపఱుపవలెను.

ఈ పొరకు సరిచూపు సంఖ్య లేదు. తప్పు పట్టికతో మార్చిన పాఠమును గూడ యంత్రము నిర్దుష్టమైనట్లే యొప్పగించును. కాని పద్యమునకు గణయతిప్రాసములే సరిచూపు. అవి చెడినచోటఁ బట్టికను శంకింపవలెను. వచనమునకు మూలముతోఁ బోల్చి చదువుటయే గతి. మార్చుటకు వాడిన పట్టిక పేరును పాఠముతోడనే వ్రాయవలెను. దింపుకొన్న ఫైలును మాత్ర మెన్నఁడును జెఱుపరాదు. మూలప్రతి యున్నంతవఱకే లేఖకదోషమునకుఁ జికిత్స గలదు, యంత్రదోషమునకును నంతియే.