బక్షీసు ఎవరి సొమ్ము?

కళాశాల విడిచిన పిమ్మట మా మిత్రులు కొందరు కరీంనగర్ బస్‌స్టాండు పరిసరములలోని హోటళ్ళలో బల్లలు తుడిచి, చాయ్ అందించి ఫీజు సంపాదించుకొనుచున్నారు. నిర్మల్, ఆదిలాబాద్‌ల మీదుగా పోవు 44వ జాతీయ రహదారి ధాబాలలోను ఇట్టి యువకులే కనబడుదురు. వారిలో ఒకరు చెప్పిన మాటయే ఈ వ్యాసమునకు కారణము. అతిథులు వదలిన టిప్పులన్నియు గల్లాపెట్టెలో వేయవలెనట. నెలాఖరున అందులోనుండి పగిలిన గ్లాసుల ఖరీదు తీసివేసి, మిగిలినది జీతములో భాగముగా లెక్క చూపుదురట. "అది నా సొమ్మా, సేటు సొమ్మా?" అని ఆ మిత్రుడు అడిగినాడు. మాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత చదివి తెలిసికొన్నది ఇచ్చట విన్నవించుచున్నాము.

ముందుగా మాటల సంగతి. బక్షీసు ఫారసీ పదము, ఇనాము అరబ్బీ పదము. రెండును ఉర్దూ ద్వారా మన తెలుగునకు వచ్చినవి. సంతోషముతో ఇచ్చు కానుక అని వాటి భావము. "మామూలు" కూడ ఆ దారినే వచ్చినది గాని, వాడుక అను అర్థము గల ఆ సాధుపదము మన కచేరీల గుమ్మములలో లంచమునకు మారుపేరైనది. ప్రభుత్వోద్యోగి తన పని చేయుటకు జీతము గాక వేరేమి పుచ్చుకొన్నను 1988 నాటి అవినీతి నిరోధక చట్టము క్రింద నేరమగును. కావున కచేరీలోని చాయ్ పైసలను, హోటలు సర్వరు టిప్పును ఒక గాట కట్టరాదు. మేము వ్రాయుచున్నది రెండవదానిని గూర్చియే.

జైపూరు రాంబాగ్ ప్యాలెస్ హోటలు కార్మికుల వివాదము 1976లో సుప్రీం కోర్టుకు వచ్చినది. యాజమాన్యము వసూలు చేసి పంచినంత మాత్రమున టిప్పు యజమాని సొమ్ము కాదని, అది అతిథులిచ్చునదియేనని అప్పుడు తేలినది. నలువది సంవత్సరముల తరువాత, 2016 ఏప్రిల్ 26న, ఐ.టి.సి. కేసులో ఈ ప్రశ్న మరల తలయెత్తినది. క్రెడిట్ కార్డు ద్వారా వచ్చిన టిప్పులను హోటలు తన ఉద్యోగులకు పంచగా, అది జీతమే గనుక పన్ను మినహాయించి ఇవ్వవలసినదని ఆదాయపు పన్ను శాఖ వాదించినది. సుప్రీం కోర్టు అంగీకరించలేదు. ఆ సొమ్ము జీతము కాదు. హోటలు దానిని ఉద్యోగుల పక్షమున ధర్మకర్త వలె స్వీకరించి అందజేయుచున్నదని తీర్పు చెప్పినది.

అయితే ఆ కత్తికి రెండవ అంచు గలదు. టిప్పు జీతము కానందున, ఉద్యోగ ఒప్పందమును బట్టి యజమాని నుండి దానిని రాబట్టుకొను హక్కు ఉద్యోగికి లేదని కూడ ఆ తీర్పులోనే ఉన్నది. మా మిత్రునికి ఈ మాట చెప్పుటకు మాకు కష్టమైనది. బ్రిటనులో 2023లో చేసిన చట్టము 2024 అక్టోబరు 1 నుండి అమలగుచున్నది. దాని ప్రకారము యజమాని టిప్పులన్నిటిని కోత లేకుండ, న్యాయముగా పనివారికి పంచియే తీరవలెను. మనకు అట్టి ప్రత్యేక చట్టము లేదు. పూర్వము చేతిలో పెట్టిన పది రూపాయలు నేరుగా సర్వరు జేబులోనికి పోయెడివి. ఇప్పుడు గల్లా మీద అంటించిన కోడును ఫోనుతో చూచి చెల్లింపగా అవియు సేటు ఖాతాకే చేరుచున్నవి. ధర్మకర్త అను మాట ఇచ్చటనే పనికి రావలెనని మా అభిప్రాయము.

మరి గట్టి నేల ఏది? వేతనము. 1936 నాటి వేతన చెల్లింపు చట్టమునకును, 1948 నాటి కనీస వేతనముల చట్టమునకును బదులుగా 2019 వేతనముల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. కనీస వేతనము యజమాని ఇవ్వవలసినది. అతిథి దయ దానికి పూరకము కాజాలదు. టిప్పులో తెచ్చుకొనుచున్నావు కదా అని జీతము తగ్గించుట ఆ లెక్కకు నిలువదు. గ్లాసు పగిలినదని జీతము కోయుటకు కూడ షరతులు గలవు: నష్టము పనివాని నిర్లక్ష్యము వలననే జరిగియుండవలెను, సంజాయిషీ చెప్పుకొను అవకాశమునీయవలెను, కోత నష్టమును మించరాదు. వేతన చీటీ ఇచ్చుట యజమాని విధి. బకాయి కొరకు మూడు సంవత్సరములలోగా దావా వేయవచ్చును.

ఇవన్నియు మిత్రునికి వివరించి, ప్రతిదినము వచ్చిన టిప్పును, చేతికందిన జీతమును తేదీతో వ్రాసి ఉంచుమని చెప్పినాము. రసాయన శాస్త్రము నోటుపుస్తకము చివరి పుటలలో వ్రాయుచున్నాడు. గత నెల వేతన చీటీ అడిగినాడట. సేటు చూతములే అన్నాడట.