రేట్లు పడ్డాయి.. పెద్ద ఫ్లాట్‌కి మారిపోదామా?

‘మార్కెట్ పడిపోతుంటే ఇల్లు అమ్ముతావా?’ ఎవర్ని కదిపినా ఇదే మాట. మియాపూర్‌లో మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, లోను తీరిపోయింది. ఊర్నుంచి అమ్మ వచ్చేసింది, పాప పెద్దదవుతోంది. మూడో గది కావాల్సిందే. అందుకే లెక్కేశాను.

మాది 60 లక్షలు, చూసిన ట్రిపుల్ బెడ్‌రూమ్ 1.20 కోట్లు అనుకుందాం. తేడా 60 లక్షలు. రెండూ 10 శాతం తగ్గితే? మాది 54 లక్షలు, అది 1.08 కోట్లు. తేడా 54 లక్షలే! అమ్మకంలో 6 లక్షలు పోయినా, కొనుగోలులో 12 లక్షలు మిగులుతాయి.

ఇక ఖర్చులు. తెలంగాణలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 8.10 లక్షలు. కడుతున్న ఫ్లాట్ అయితే 5 శాతం జీఎస్టీ అదనం. ఓసీ వచ్చిన ఫ్లాట్‌కి అది ఉండదు. 54 లక్షల లోనుకి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకి ఈఎంఐ సుమారు 46,900.

అసలు రిస్కు వేరే ఉంది. కొత్తదానికి అడ్వాన్స్ ఇచ్చేశాక పాతది అమ్ముడుపోకపోతే? అడిగిన రేటుకి వదిలించుకోవాల్సిందే. అప్పుడు ఆ 6 లక్షల లాభం గాలికే! అందుకే ముందు అమ్మకం, ఆ తర్వాతే కొనుగోలు. అమ్మిన రెండేళ్లలోపు ఇల్లు కొంటే, రెండేళ్లకు పైగా మన దగ్గరున్న పాత ఇంటి లాభంపై పన్ను మినహాయింపు దొరుకుతుంది. కాబట్టి కంగారు అక్కర్లేదు.

మా ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా ఆరు నెలల ఈఎంఐ చేతిలో ఉండాలని నియమం పెట్టుకున్నాం. ప్రస్తుతం నాలుగు నెలలకే ఉంది. ఫ్లాట్ అమ్మకానికి పెట్టాం. మిగతా రెండు నెలల డబ్బూ జమయ్యాకే అడ్వాన్స్. అప్పటిదాకా హాల్లో దివానే అమ్మ గది!