రాకెట్టుకు తగిన బరువు

దీపావళి రాత్రి తారాజువ్వను సీసాలో నిలబెట్టి వెలిగించిన అనుభవం మనలో చాలామందికి ఉంటుంది. దాని మందుగొట్టం జానెడైనా ఉండదు. గొట్టానికి కట్టిన పుల్ల మాత్రం దానికి ఎన్నో రెట్లు పొడవుగా ఉంటుంది. ఈ పుల్ల మండదు, వెలుగునివ్వదు. వట్టి బరువే కదా అని దానిని సగానికి విరిచి వెలిగిస్తే ఏమవుతుంది? తేలికైన తారాజువ్వ మరింత ఎత్తుకు పోవలసింది పోయి, గిరగిర తిరిగి, ఏ గడ్డివాము మీదనో, చూస్తున్నవారి మీదనో పడుతుంది. పైకి ఎగిరే వస్తువుకు బరువు శత్రువనే మాట సగమే నిజమని ఆ విరిగిన పుల్ల తెలియజేస్తుంది. తక్కిన సగాన్ని తెలుసుకోవడమే ఈ పాఠం ఉద్దేశం.

ఈ విషయాన్ని లెక్కవేసి చూడడానికి నమూనా రాకెట్టు చక్కని సాధనం. 1954లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో పాదరక్షల దుకాణం నడుపుతున్న ఆర్విల్ కార్లైల్, తన సోదరుడు రాబర్ట్ కోసం ఒక చిన్న రాకెట్టును తయారుచేశాడు. వాడిన ఇంజనును తీసి కొత్తది అమర్చుకోవచ్చు. పారాచూట్ సాయంతో రాకెట్టు మెల్లగా నేలకు దిగుతుంది. 1957లో స్పుత్నిక్ ఎగిరిన తరువాత ఆ దేశంలో రాకెట్లపై మోజు పెరిగింది. లోహపు గొట్టాలలో స్వయంగా మందు కూరి గాయపడిన యువకులు ఎందరో ఉన్నారు. కర్మాగారంలో తయారైన ఇంజను, కాగితపు దేహం గల నమూనా రాకెట్టు వారికి సురక్షితమైన మార్గాన్ని చూపింది.

నమూనా రాకెట్టు ఇంజనుకు ఒక సంకేతం ఉంటుంది. ఉదాహరణకు, సి6-5 అనే ఇంజనును తీసుకుందాం. ఇందులోని ‘సి’ అనే అక్షరం ఇంజను మొత్తం ప్రచోదనం 5 నుండి 10 న్యూటన్-సెకన్ల మధ్య ఉంటుందని తెలుపుతుంది. ‘6’ దాని సగటు అభిబలాన్ని, అనగా రాకెట్టును పైకి నెట్టే బలాన్ని న్యూటన్లలో సూచిస్తుంది. ఇంధనం మండిపోయిన తరువాత ఎన్ని సెకన్లకు పారాచూట్ బయటికి వస్తుందో ‘5’ చెబుతుంది. ఈ ఇంజను బరువు సుమారు 24 గ్రాములు.

ఇంత ఇంజను ఎంత బరువును మోయగలదు? రాకెట్టు రెక్కలు గాలిలో వేగం అందుకున్న తరువాతనే పనిచేస్తాయి. అంతవరకు సుమారు ఒక మీటరు పొడవైన సన్నని కడ్డీ దానికి దారి చూపుతుంది. ఆ ఒక్క మీటరులోనే చాలినంత వేగం రావాలంటే, అభిబలం రాకెట్టు బరువుకు కనీసం ఐదు రెట్లు ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే నియమం. 6 న్యూటన్లలో ఐదవ వంతు 1.2 న్యూటన్లు, అనగా సుమారు 122 గ్రాముల బరువు. తయారీదారు ఈ ఇంజనుకు విధించిన గరిష్ఠ పరిమితి 113 గ్రాములు. ఈ హద్దు దాటితే రాకెట్టు మందకొడిగా కడ్డీని వదలి, పక్కకు ఒరుగుతుంది. ఐదు సెకన్లు గడిచి పారాచూట్ విచ్చుకొనేలోగా తలకిందులై నేలకు దూసుకురావచ్చు.

అయితే బరువును తగ్గించుకుంటూ పోతే మేలేనా? దూది ఉండను, గులకరాయిని ఒకే వేగంతో విసిరి చూడండి. తేలికైన దూది నాలుగడుగుల దూరంలోనే ఆగిపోతుంది. గాలి నిరోధాన్ని చీల్చుకొని పోవడానికి కొంత బరువు కావాలి. రాకెట్టు విషయమూ ఇంతే. 25 మిల్లీమీటర్ల వ్యాసం గల రాకెట్టును 6 న్యూటన్ల బలం ఒకటిన్నర సెకను నెట్టిందని, ఆ కాలంలో దాని బరువు మారలేదని అనుకొని లెక్కవేద్దాం. గాలి లేనిచోట 60 గ్రాముల రాకెట్టు 1000 మీటర్లకు పైగా ఎగురుతుంది. 30 గ్రాములది 4300 మీటర్లు దాటుతుంది. గాలిని లెక్కలోకి తీసుకుంటే ఈ అంతరం కరిగిపోతుంది. 100 గ్రాముల రాకెట్టు సుమారు 220 మీటర్లు, 60 గ్రాములది 320, 40 గ్రాములది 350 మీటర్లు ఎగురుతాయి. 30 గ్రాములకు తగ్గించినా ఆ 350 మీటర్లే. ఇంకా తగ్గించి 20 గ్రాములని ఊహిస్తే ఎత్తు పెరగదు సరికదా, 335 మీటర్లకు పడిపోతుంది.

దీనికి కారణం స్పష్టం. గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతున్న ఈ రాకెట్టుపై గాలి సుమారు 2.2 న్యూటన్ల బలంతో ఎదురు నిలుస్తుంది. 30 గ్రాముల రాకెట్టుకు అది తన బరువుకు ఏడు రెట్లకు మించిన బలం. ఇంజను ఆగిన మరుక్షణమే దాని వేగం హరించుకుపోతుంది.

ఎంత బరువన్నది తేలిన తరువాత, ఆ బరువు ఎక్కడ ఉండాలన్నది తేలాలి. రాకెట్టును దారంతో కట్టి వేలాడదీసినప్పుడు, ఏ బిందువు వద్ద అది అడ్డంగా సమంగా నిలుస్తుందో అది దాని గరిమనాభి. పక్కగాలి బలమంతా కేంద్రీకృతమయ్యే బిందువు వాయుపీడన కేంద్రం. గరిమనాభి ఈ కేంద్రానికి కనీసం ఒక వ్యాసమంత ముందు, అనగా ముక్కు వైపు ఉండాలి. అప్పుడే రాకెట్టు ఒరిగినా గాలి దాని తోకను నెట్టి తిరిగి నిలబెడుతుంది. తారాజువ్వ పుల్ల చేసే పని ఇదే. అది వెనుకకు సాగి, తోకవలె గాలిని పట్టుకొంటుంది.

గరిమనాభి వెనుకబడి ఉన్నదని తేలితే, ముక్కులో కొద్దిగా బంకమన్ను అద్దాలి. 40 గ్రాముల రాకెట్టుకు 5 గ్రాములు చేర్చితే కోల్పోయే ఎత్తు నాలుగైదు మీటర్లకు మించదు. ఆ నాలుగు మీటర్లకు ఆశపడి మన్ను మానితే రాకెట్టు ప్రేక్షకుల మధ్యకు రావచ్చు.

1980 జూలై 18న శ్రీహరికోట నుండి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపడానికి 17 టన్నుల ఎస్‌.ఎల్‌.వి.-3 రాకెట్టు కావలసివచ్చింది. గాలిపొరను దాటి పోయే అటువంటి రాకెట్టుకు పైదశలో ప్రతి గ్రామూ భారమే. గాలిలోనే ఎగిరి గాలిలోనే దిగే నమూనా రాకెట్టుకు కొంత బరువు బలం. కనుక రాకెట్టు ఎంత బరువుండాలని అడిగే ముందు, అది ఎక్కడ ఎగరాలో, ఎవరి తలల మీదుగా ఎగరనున్నదో ఆలోచించాలి. ఆ తరువాతనే త్రాసును చేతికి తీసుకోవాలి.